పాత తలుపునకు కొత్త పలక: కొయ్య ఎంపిక, రంగు కూర్పు

మన పుస్తకశాలలో ఉత్తరపు గోడకు ఆనుకొనియున్న టేకు బీరువాను ఎరుగని విద్యార్థి ఉండడు. ఉర్దూ నిఘంటువులును, పాత తెలుగు పత్రికల సంపుటములును అందులోనే ఉన్నవి. గోడలోని చెమ్మ కారణముగా దాని ఎడమ తలుపునకు చెదపట్టి క్రింది అడ్డపట్టెయు, దానిలో అమరియున్న పలకయు పాడైనవి. ఈ విషయము కళాశాల సమితి ముందుకు వచ్చినపుడు రెండు ఆలోచనలు వినవచ్చినవి. బీరువాను అమ్మివేసి ఇనుపదానిని కొనుట ఒకటి. దొరికిన కొయ్యతో తలుపును బాగుచేయించి, అతుకు కనబడకుండ బీరువానంతటిని గీకించి ఒకే ముదురు రంగు పూయించుట రెండవది. ఈ రెంటికంటె మేలైన మూడవ మార్గము ఒకటి కలదని మా అభిప్రాయము. పాతదానిని తాకక, దానికి తగిన కొత్త కొయ్యను ఎంచి, ఆ కొత్త కొయ్యకు మాత్రమే రంగు దిద్ది జతచేయుటయే ఆ మార్గము. సమితివారు నిర్ణయము చేయుటకు ముందు ఇందులోని సాధకబాధకములు తెలియవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇది వడ్రంగిపని గదా, కళాశాల విద్యార్థులకేల యని కొందరు అనుకొనవచ్చును. వృక్షశాస్త్ర తరగతిలో దారునాళములను గూర్చియు, రసాయనశాస్త్ర తరగతిలో టానినులను గూర్చియు, భౌతికశాస్త్రములో కాంతిని గూర్చియు మనము చదువునదంతయు ఈ ఒక్క తలుపులో ఎదురగును. అన్నిటికంటె ముందు తేల్చుకొనవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. మనము సరిపోల్చదలచిన ఆ పాత రంగు అసలు ఏది?

పాత వస్తువు రంగు ఒక్కటి కాదు. కొయ్య స్వాభావికముగా కలిగియున్న వన్నె ఒకటి. ఏండ్ల తరబడి వెలుగు సోకి దానిలో కలిగిన మార్పు మరియొకటి. పైపూతయైన లక్క పాలిష్ కాలక్రమమున ఇంకను పసుపుబారుట మూడవది. చేతుల జిడ్డు, దీపపు మసి, దుమ్ము కలిసి ఏర్పడిన పొర నాలుగవది. తలుపు పిడిచుట్టు నల్లగా కనబడునది కొయ్య రంగు కాదు, చదువరుల చేతుల గురుతు. కాబట్టి సరిపోల్చుటకు ముందు పాతదానిని శుభ్రము చేయవలెను. మెత్తని గుడ్డను సబ్బునీటిలో తడిపి, గట్టిగా పిండి, తేలికగా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తవలెను. స్పిరిట్‌తో తుడువరాదు, లక్కపూత స్పిరిట్‌లో కరగి గుడ్డకు వచ్చును. ఈ పనిని మొదట చేయక, మురికితో కూడిన రంగునకు కొత్త పలకను సరిచేసినవారు, తరువాత ఎప్పుడో బీరువాను తుడిపించిన నాడు కొత్త పలక ఒక్కటి నల్లగా మిగిలిపోవుట చూతురు.

శుభ్రము చేసిన పిమ్మట తలుపును మూడు చోట్ల పరీక్షింపవలెను. వెలుపలి ముఖము మనకు గురిగా ఉండవలసిన రంగును చూపును. లోపలి ముఖము, వెలుగు సోకనిది గనుక, కొయ్య మొదటి వన్నెకు దగ్గరగా ఉండును. బందు అమరిన చోట, మర క్రింద, ఎవరికిని కానరాని తావున ఉలి అంచుతో కొద్దిగా గీచినచో లోపలి కొయ్య బయటపడి అది ఏ జాతిదో చెప్పును. ఈ మూడింటికి గల భేదమే మనము చేయవలసిన పని యొక్క కొలత.

ఇక కొయ్య జాతిని గుర్తించుట. ఈ విషయమున పేర్లను నమ్మరాదు. మన రెండు భాషలును వడ్రంగి కొట్టములో ఏనాడో కలిసిపోయినవి. చిత్రికను రందా యనియు, రంపమును ఆరీ యనియు, టేకును సాగ్వాన్ అనియు అనుట మనము వినుచునే ఉన్నాము. పనిముట్ల పేర్లు కలిసినందువలన నష్టము లేదు. కొయ్యల పేర్లు కలిసినచో మాత్రము చిక్కు వచ్చును. శీషం అన్నపుడు ఒక దుకాణములో ఉత్తరదేశమునుండి వచ్చు డాల్బెర్జియా సిస్సూ చూపుదురు. మరొక దుకాణములో మన ఇరుగుడును, అనగా డాల్బెర్జియా లాటిఫోలియాను చూపుదురు. రెండును ఒకే కుదురునకు చెందినవే యైనను రంగులోను రేఖలలోను వేరు. గుమ్మడి టేకు అను పేరు విని టేకులో ఒక రకమని భ్రమించువారు కలరు. అది గ్మెలినా ఆర్బోరియా. తెలుపు కలిసిన లేత పసుపు వన్నె గల తేలికైన కొయ్య, మంచిదే. కాని టేకు కాదు. దానికి ఎంత రంగు పూసినను టేకు రేఖ రాదు.

టేకును గుర్తించుటకు పేరుతో పనిలేదు. కొత్తగా చిత్రిక పట్టిన టేకు చేతికి కొంచెము జిడ్డుగా తగులును. తోలువంటి వాసన వేయును. కొసను పదునైన ఉలితో నున్నగా కోసి చూచినచో, ప్రతి వార్షిక వలయము ఆరంభమున పెద్ద రంధ్రములు వరుసగా వలయాకారమున కంటికే కనబడును. ఆ రంధ్రముల వరుసలే పలక ముఖముమీద గీతలై తేలును. టేకు కొయ్యలో ఇసుకరాతిలో ఉండునట్టి సిలికా కొంత ఉండుటచేత ఉలి, చిత్రిక త్వరగా మొద్దుబారును. ఈ సంగతి వడ్రంగులందరికిని అనుభవము. బరువు ఘనపు మీటరునకు సుమారు 650 కిలోగ్రాములు. ఇరుగుడు ఇంతకంటె చాల బరువు. టేకును పోలియుండు వేగిస, అనగా టెరోకార్పస్ మార్సూపియం, బంగారు గోధుమ వన్నెలో ఉండి కొన్నిసార్లు కొనువారిని మోసగించును. దాని పొట్టును నీటిలో వేసినచో నీటికి రంగు దిగి, వెలుగులో నీలపు మెరపు కనబడును. మధుమేహమునకు మందని అమ్ము కొయ్య గ్లాసులు దీనివే. తడిసినపుడు గోడసున్నమునకును బట్టకును పసుపు మరక చేయు గుణము దీనికి కలదు గనుక పుస్తకములుంచు బీరువాకు దీనిని మేము సూచింపము.

మన బీరువా విషయములో చెద ఎక్కడ పట్టినదో గమనించినచో ఒక పాఠము దొరకును. టేకు చేవను చెద సాధారణముగా ముట్టదు. చెద తిన్న అడ్డపట్టెలో మిగిలిన భాగమును పరిశీలింపగా ఒక అంచు వెంబడి, బెరడునకు లోపల ఉండు తెల్లని కొయ్య చేరియున్నట్లు స్పష్టముగా కనబడినది. అక్కడనుండియే చెద లోపలికి దారి చేసికొన్నది. ఆ తెల్లకొయ్యమీద ముదురురంగు పూసి చేవతో కలిపివేసిన గురుతులును ఉన్నవి. రంగు కంటిని మోసగించినది గాని చెదను మోసగింపలేదు. కొత్త కొయ్యను కొనునపుడు తెల్లకొయ్య ఒక అంగుళమైనను లేని పలకను అడుగుటకు ఇంతకంటె మంచి కారణము అక్కరలేదు.

జాతి కుదిరినంత మాత్రమున పని ముగియదు. టేకులో టేకునకు భేదము ఎంతయో కలదు. పాత తలుపు కొసలో వలయములను లెక్కింపుడు. అడవిలో నిదానముగా పెరిగిన పాత చెట్టు కొయ్యలో వలయములు ఒత్తుగా ఉండును. తోటలలో నీరు పెట్టి త్వరగా పెంచిన చెట్టులో అవి ఎడమెడముగా ఉండును. నేడు మార్కెట్టునకు వచ్చు ఘనా దేశపు టేకు, ఇతర దేశముల తోట టేకు చాలవరకు ఈ రెండవ రకము. అందువలన ఒక అంగుళమునకు ఎన్ని వలయములున్నవో పాతదానిలో లెక్కించి, ఆ సంఖ్యను కాగితముమీద వ్రాసికొని దుకాణమునకు పోవలెను. రంగు నమూనాకంటె ఈ సంఖ్య మనకు ఎక్కువ ఉపయోగపడును. రంగును మనము మార్చగలము, వలయములను మార్చలేము.

కోత విషయమును ఇట్టిదే. దుంగను దాని కేంద్రమునుండి బెరడువైపు కోసినచో పలకమీద నిలువు గీతలు సమాంతరముగా పోవును. పక్కగా కోసినచో గోపురములవలె ఒకదానిపై ఒకటి వంపు గీతలు వచ్చును. మన బీరువా పలకలు రెండవ విధమువి, పట్టెలు మొదటి విధమువి. ఆనాటి పనివాడు ఇది తెలిసియే చేసినాడు. కొయ్య ఎండునపుడు వలయముల వెంబడి కుంచించుకొనుట, కేంద్రమునుండి బెరడువైపు కుంచించుకొనుటకంటె సుమారు రెట్టింపు ఉండును గనుక, కదలరాని పట్టెలకు నిలువు గీతల కోతను, గాడిలో కదలుటకు వీలున్న పలకకు గోపురపు కోతను వాడినాడు. కొత్త పలకకు నిలువు గీతల కొయ్య తెచ్చినచో రంగు అణుమాత్రము తేడా లేకున్నను, కుడి తలుపు ప్రక్కన ఎడమ తలుపు పరాయిదిగా కనబడును.

ఇట్టి కొయ్య ఎక్కడ దొరకును? కొత్త కొయ్య అడితీలకు పోకముందు, పడగొట్టిన పాత ఇండ్ల తలుపులు, దూలములు అమ్ము దుకాణములలో వెదకుట మంచిది. పాత దూలమును కోసినపుడు లోపల ఒత్తైన వలయముల టేకు బయటపడును. అది ఎన్నో ఏండ్లు ఆరినది గనుక వంకరపోదు. మేకులున్నవేమో చూచి కోయించవలెను. మేకుచుట్టు కొయ్య నల్లబడియుండును. ఆ నలుపు ఏలనో కొంత ముందు చెప్పెదము. కొత్త పలకయైనను పాత పలకయైనను తెచ్చిన వెంటనే కోయరాదు. పుస్తకశాలలోనే, బీరువా ప్రక్కన, గాలి తగులునట్లు క్రింద చిన్న కర్రముక్కలు పెట్టి కొన్ని వారములు ఉంచవలెను. కొయ్య ఆ గది గాలిలోని తేమకు అలవాటుపడవలెను.

ఇక్కడ ఒక ఆలోచన కొందరికి తోచవచ్చును. బీరువా లోపలి అరలలో ఒకదానిని తీసి దానితోనే పలకను చేసి, లోపల కానరాని చోట కొత్త కొయ్య అర వేసినచో సరిపోదా? కొయ్య అదే, వయస్సు అదే, పని సులభము. పాత సామాను బాగుచేయువారిలో ఇట్లు చేయువారు కలరు. మేము దీనికి ఒప్పుకొనము. ఒక పాత భాగము పోయినందుకు మరొక పాత భాగమును తెగగోయుట అగును. కాని ఆ ఆలోచనలోని సత్యము గ్రహింపదగినది. ఒకే చెక్కలోనుండి వచ్చిన రెండు భాగములకు మించిన పోలిక లేదు.

దీనికి మన ఇండ్లలోనే మంచి ఉదాహరణమున్నది. ఉర్దూవారు రిహాల్ అనియు, తెలుగువారు వ్యాసపీఠమనియు పిలుచు గ్రంథపీఠమును చూడుడు. ఒకరు దానిమీద ఖురాన్‌ను ఉంచి చదువుదురు. ఒకరు పురాణమును ఉంచి చదువుదురు. దాని రెండు రెక్కలు రెండు పలకలు కావు. ఒకే పలకను మందములో చీల్చి, నడుమ వ్రేళ్ళు పెనవేసినట్లు బందును ఆ కొయ్యలోనే చెక్కి, విడదీయకయే తెరచుదురు. మేకు లేదు, సరేసు లేదు. రెండు రెక్కలమీదను రేఖలు అద్దములోని ప్రతిబింబములవలె ఉండును. అట్టి పీఠమునకు ఒక రెక్క విరిగినచో కొత్త రెక్కను చేసి తగిలించుట సాధ్యము కాదు. విరిగిన ముక్కనే తిరిగి అతుకవలెను. ముక్క పోయినచో పోయినంత మేరకు మాత్రమే చిన్న అతుకు వేయవలెను. కాబట్టి ఏ కొయ్యవస్తువు విరిగినను దాని ముక్కలను ఊడ్చి పారవేయక ఒక సంచిలో కట్టి దానికే తగిలించి ఉంచుడని పుస్తకశాల సహాయకులకు మా మనవి. పెన్నిబద్దంత ముక్క అయినను పనికివచ్చును.

చిన్న అతుకు వేయునపుడు దానిని చతురస్రముగా కోయరాదు. నారకు అడ్డముగా పోవు తిన్నని గీత కంటికి వెంటనే తగులును. కలువరేకువలె, కొసలు సన్నగా, నారవెంట ఏటవాలుగా కోసిన అతుకు రేఖలలో కలిసిపోవును.

ఇక రంగు సంగతి. టేకును క్రొత్తగా కోసినపుడు ఆకుపచ్చ ఛాయయు, నల్లని చారలును కలిసి వికారముగా కనబడును. అది చూచి భయపడి ముదురు రంగు పూయువారు తొందరపడుచున్నవారే. కొన్ని దినములు ఎండలో ఉంచినచో ఆ ఛాయ విరిగి బంగారు గోధుమ వన్నెకు తిరుగును, చారలు చాలవరకు సర్దుకొనును. అందుచేత చిత్రిక పట్టిన పలకను మొదట ఎండకు చూపి, తనంతట తాను వచ్చు రంగును రానిచ్చి, మిగిలిన తేడాకు మాత్రమే మనము రంగు కలుపవలెను. అట్లు చేయక నేటి పచ్చిరంగుమీద సరిచేసినది మరుసటి సంవత్సరమునకు తప్పిపోవును. ఇరుగుడు విషయమున మార్పు ఎదురుదిశలో నడచును. వెలుగులో అది ముదరక వెలిసిపోవును. జాతిని ముందుగా గుర్తింపవలెనని మేము చెప్పుటకు ఇది ఇంకొక కారణము.

రంగులు రెండు విధములు. ద్రవములో పూర్తిగా కరగునవి కొన్ని. కరగక సన్నని పొడిగా తేలునవి కొన్ని. కరగునవి కొయ్య నారలోనికి ఇంకి దానిని పారదర్శకముగా రంగిలజేయును. పొడిరంగులు రంధ్రములలోను గాట్లలోను చేరి గీతలను ఎత్తి చూపును. ఎక్కువైనచో కొయ్యను కప్పివేసి గోడకు వేసిన పూతవలె చేయును. 1856లో పెర్కిన్ మొదటి కృత్రిమ రంగును కనుగొన్న పిమ్మట కరగు రంగులు వందలకొలది వచ్చినవి. వీనిలో పలు రకములు వెలుగునకు నిలువవు. కావి, పచ్చమట్టి, అంబర్ వంటి మట్టిరంగులు నిలుచును. రెంటిని వరుసగా వాడుటయే నేర్పరుల పద్ధతి. పాత కొయ్యలో రేఖలకు నడుమనుండు అతి లేతవన్నె ఏదో దానికి సరిపడునట్లు కరగు రంగును మొదట పట్టించవలెను. రేఖలలోని ముదురును తరువాత పొడిరంగు కలిపిన పూరకముతో తేవలెను. ముదురు రేఖను చూచి నేలరంగును ముదురుచేసినవారికి ఆ తరువాత దారి ఉండదు. రంగును ఎప్పుడైనను పెంచవచ్చును. తగ్గించుటకు మరల చిత్రిక పట్టవలసినదే.

మేకుచుట్టు కొయ్య నల్లబడుట మన రసాయనశాస్త్రములోని సంగతి. కొయ్యలోని టానినులు ఇనుపలవణములతో కలిసినపుడు నీలినలుపు పదార్థమేర్పడును. శ్రీకాళహస్తి, మచిలీపట్నము కలంకారీ పనివారు ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టి కసిమి అను ద్రవమును చేయుదురు. కరక్కాయ పట్టించిన బట్టమీద ఆ ద్రవముతో గీచిన గీత కొద్ది సేపటికే నల్లనగును. బట్టమీద జరుగునది కొయ్యమీదను జరుగును. అన్నభేది నీటిని గాని, తుప్పుమేకులు కొన్ని దినములు నానిన వెనిగర్‌ను గాని మిక్కిలి పలుచన చేసి టేకుమీద పూసినచో పసుపు ఎరుపులు అణగి బూడిదవన్నె వచ్చును. టానిను తక్కువైన కొయ్యకు ముందు కరక్కాయ కషాయము పట్టింపవలెను. పాతబడిన గంభీరత్వము తెచ్చుటకు ఇది మంచి ఉపాయము. కాని పూసిన క్షణమున రంగు కనబడదు, తరువాత వచ్చును. అందుచేత ఇంకొంచెము, ఇంకొంచెము అని పూసి నల్లజేసికొనువారు పెక్కురు. ఇనుపపీచుతో రుద్దిన టేకుమీద చెమ్మ తగిలినపుడు నల్లని చుక్కలు వచ్చుటకును ఇదే కారణము.

పొటాసియం పర్మాంగనేట్ గోధుమరంగును చవుకగా ఇచ్చును. అయితే ఆ రంగు వెలుగులో వెలియును. పుస్తకశాలలో కిటికీకి ఎదురుగానున్న తలుపునకు తగదు. పాత పుస్తకములలో పొటాసియం డైక్రోమేట్ ద్రావణము కూడ చెప్పబడియున్నది. రంగు చక్కగా వచ్చు మాట నిజమే గాని అది క్యాన్సరు కలిగించు విషము. విద్యార్థులు దాని జోలికి పోరాదు.

ఏ రంగునైనను పలకమీద నేరుగా ప్రయోగింపరాదు. ఆ పలకలోనుండియే కోసిన తుండ్లమీద చూడవలెను. వేరు కొయ్యముక్కమీద చూచిన రంగు వేరు కొయ్యకే చెల్లును. తుండునకు పలకకు పట్టిన గరుకుకాగితమునే, అదే సంఖ్యతో పట్టవలెను. 120 సంఖ్య కాగితముతో ఆపిన కొయ్య 220తో నున్నచేసిన దానికంటె ఎక్కువ రంగు పీల్చి ముదురగును. నీటిలో కలిపిన రంగు నారను లేపును గనుక, ముందే ఒకసారి తడిపి ఆరబెట్టి నున్నచేసి, తరువాత రంగు పట్టవలెను. కొసలు ముఖముకంటె హెచ్చుగా పీల్చును. పలుచని లక్కనీరు ఒక పూత ముందు పూసినచో అదుపులో ఉండును. సరేసు మరక పడినచోట రంగు పట్టనే పట్టదు. ప్రతి తుండు వెనుక ఏ రంగు ఎంత, నీరెంత, ఎన్ని పూతలు అని పెన్సిలుతో వ్రాయవలెను. పాలిష్ పూతలు అన్నియు వేసిన పిమ్మట గాని తీర్పు చెప్పరాదు. పాలిష్ లేని ఎండిన రంగు బూడిదగా కనబడి మనలను తప్పుదారి పట్టించును.

తీర్పు చెప్పవలసిన చోటు కూడ ముఖ్యమే. పనిశాలలో ఎండలో సరిపోయిన రంగు పుస్తకశాలలోని ఎల్.ఇ.డి. దీపము క్రింద ఎరుపు తిరుగుట కద్దు. రెండు రంగులు ఒక వెలుగులో ఒకటిగా కనబడి మరొక వెలుగులో వేరుపడుట భౌతికశాస్త్రము ఒప్పుకొన్న విషయము. వాని కూర్పులోని ద్రవ్యములు వేరు గనుక అట్లగును. కాబట్టి తుండును బీరువా వద్దకే తెచ్చి, ఉదయము కిటికీ వెలుగులోను, రాత్రి దీపము వెలుగులోను పాతదానిపై ఆనించి చూడవలెను. నార దిక్కు కూడ ఒకటిగా ఉండవలెను. తుండును తలక్రిందులు చేసి చూచినచో అదే రంగు ముదురుగానో లేతగానో తోచును. నార పోగులు వెలుగును ఒకవైపునకే ఎక్కువగా తిప్పికొట్టుట దీనికి కారణము. పలకను అమర్చునపుడును ఇది గుర్తుండవలెను.

పైపూత ఎంచుటకు పాతపూత ఏదో తెలియవలెను. కానరాని చోట స్పిరిట్‌లో ముంచిన దూదిని కొద్దిసేపు ఉంచినచో పూత మెత్తబడి అంటుకొన్నదా, అది లక్క. స్పిరిట్‌కు లొంగక థిన్నరుకు లొంగినచో సెల్యులోజ్ లక్కరు. రెంటికిని లొంగనిది నేటి పాలియురిథేన్ వంటిది. మన బీరువాది లక్కపూతయే. లక్క ఒక పురుగు మోదుగ, రేగు, కుసుమ చెట్లమీద పెట్టు పదార్థము. నేడును జార్ఖండ్ ప్రాంతమునుండి హెచ్చుగా వచ్చును. లీటరు స్పిరిట్‌కు సుమారు 150 నుండి 250 గ్రాముల చపడా లక్క కరగించి, వడగట్టి, గుడ్డఉండతో పలుచగా పలుమార్లు రుద్దవలెను. లక్కలోనే ముదురు లేత రకములున్నవి గనుక చివరి కొద్దిపాటి రంగుతేడాను లక్క ఎంపికతోనే దిద్దవచ్చును. నెలలతరబడి నిలువయున్న లక్కనీరు సరిగా ఆరదు; వలసినంత అప్పటికప్పుడు కలుపుకొనుట మేలు. స్పిరిట్‌లో మిథనాల్ ఉండును. కిటికీలు తెరచి, నిప్పునకు దూరముగా పని చేయవలెను. అవిసెనూనె వాడినచో ఆ గుడ్డలను కుప్పగా వదలరాదు, వానంతట అవే వేడెక్కి అంటుకొనును. విప్పి ఆరుబయట ఆరవేయవలెను. పాలియురిథేన్ గట్టిగా నిలుచునని కొందరు సలహా చెప్పెదరు. నిలుచును, కాని మరల తీయుటకు గీకుట తప్ప మార్గము లేదు. లక్కపూతను రేపు మనకంటె నేర్పుగలవారు వచ్చినచో స్పిరిట్‌తో తీసివేసి తిరిగి చేయగలరు.

బీరువానంతటిని గీకించు ఆలోచనకు మేము ఎదురాడుట కూడ ఇందువలననే. మేమెరిగిన ఒక వసతిగృహములో ఒక చిన్న అతుకు కొరకు పెద్ద బల్లనంతటిని యంత్రముతో గీకించిరి. అతుకు కలిసినది. బల్ల అంచుల గుండ్రదనము, తరతరముల మోచేతులు నునుపుచేసిన మెరుగు, పనివాని చిత్రిక గురుతులు అన్నియు పొట్టులో పోయినవి. కొత్త బల్ల కొన్నట్లే అయినది.

అయినచో అతుకు ఎవరికిని తెలియనంతగా కలియవలెనా? 1964లో వెనిస్ నగరములో కూడిన శిల్పులును పురావస్తు పరిరక్షకులును చేసిన శాసనపత్రములోని 12వ అధికరణము దీనికి సమాధానము చెప్పినది. పోయినదాని స్థానమున చేర్చినది మొత్తముతో సామరస్యముగా కలియవలెను. అయినను మూలమునుండి గుర్తింప వీలుగా ఉండవలెను. అది కట్టడముల గూర్చి చెప్పినదే యైనను సామానునకును చెల్లును. ఆరడుగుల దూరమునుండి కానరాక, ఆరంగుళముల దూరమునుండి తెలియవలెనని పరిరక్షకులు వాడుకగా చెప్పుకొను కొలత. మన తలుపునకు ఇది చాలును. పలక లోపలి ముఖమునకు రంగు పట్టింపక, లక్క ఒక్కటే పూసి వదలవలెను. దానిమీద పని జరిగిన సంవత్సరమును, వాడిన కొయ్యను, రంగుపాళ్ళను ఉర్దూ తెలుగు లిపులు రెంటిలోను వ్రాయించవలెను.

గోడ చెమ్మను ముందు బాగుచేయింపక తలుపును మాత్రమే చేయించుట వ్యర్థమని సమితివారికి వేరుగా చెప్పనక్కరలేదు. బీరువాను గోడనుండి నాలుగంగుళములు జరిపి, కాళ్ళ క్రింద రాతిపలకలు పెట్టించవలెను. కొనిన కొయ్యలో మిగిలిన ముక్కను, సరిపోయిన తుండును ఒక గుడ్డలో చుట్టి క్రింది అరలో ఉంచుట మంచిది. కుడి తలుపు పైబందు ఇప్పటికే సడలియున్నది. ఆ మర ఊడివచ్చు నాటికి ఆ ముక్కతో అవసరము పడును.